ప్రమీల నవ్విన చోటు

ప్రమీల పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూటానికి పెద్ద ఫొటో ఒకటి కట్టించమని మా పాస్టరు ఆశీర్వాదంగారు చెప్పారు. ఇంట్లో మూడు ఫొటోలున్నాయి. ఒకటి పెళ్ళినాటిది, ఒకటి బడి వార్షికోత్సవంలో తీసిన గ్రూపు, మూడోది మా తమ్ముడి కూతురి బాప్తిస్మం నాటిది. మూడింటిలోనూ ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు నిలబడి ఉంది. పదకొండేళ్ల కాపురంలో ఆ మనిషిని నేను ఒక్కరోజు కూడా చూడలేదు. మా ఇంట్లో తిరిగిన మనిషి వేరు. ఆమె వంటింట్లో నవ్వితే, వీధిగదిలో నేను దిద్దుతున్న లెక్కలు తప్పేవి.

నాలుగో ఫొటో ఆమె కీర్తనల పుస్తకంలో దొరికింది. అగ్గిపెట్టె అంత ఉంది. వెనక సముద్రం, లైటుహౌసు, తెరచాప ఎత్తిన పడవ. ముందు ప్రమీల, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. కూటంలో పెడితే ఇదే పెట్టాలనుకున్నాను.

ఆమె అక్క సుందరమ్మగారు కాకుమానులో ఉంటారు. ఫొటో పట్టుకెళ్ళి, ఇది ఎక్కడ తీశారని అడిగాను. ఆవిడ ఫొటోను చూశారు, నన్ను చూశారు, కొంగు సర్దుకున్నారు. పెళ్ళికి ముందు మీవాళ్లకు పంపడానికి తీయించాం, బాపట్లలోనే, సముద్రం కనిపిస్తోంది కదా అన్నారు. మాకు వచ్చిన ఫొటో నాకు గుర్తుంది. అందులో సముద్రం ఉంది గాని నవ్వు లేదు. తర్వాత దాన్ని చెదలు తినేశాయి. సుందరమ్మగారు ఆదివారపు బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పుతారు. అందుచేత నేను సందేహించలేదు.

నేను ఉద్యోగం చేసేది బాపట్లలోనే. ఫొటో స్టూడియో గోపాలకృష్ణ మా బడిలో చదువుకున్నవాడే. భూతద్దం పెట్టి చూసి, ఈ కాగితాన్ని పెద్దది చేస్తే సముద్రమూ పళ్ళూ కలిసిపోతాయని, తీసినవాడి దగ్గర నెగటివు గాజు ప్లేటు ఉంటేనే పనవుతుందని చెప్పాడు. ఆ ప్లేటు నీ దగ్గరే ఉండాలి గదా అన్నాను. అతను కాస్త నొచ్చుకున్నాడు.

"సముద్రం కావాలంటే సూర్యలంక పోతారు గాని నా దగ్గరికెందుకొస్తారు మాస్టారూ? మా నాన్నగారి రోజుల్నుంచీ ఇక్కడ మనిషి వెనక దించేది మంచుకొండల బొమ్మ తెరే. సముద్రం తెర ఎప్పుడూ సముద్రం లేని ఊళ్లోనే ఉంటుంది. తెనాలి వెళ్ళి చూడండి."

లెక్కల మాస్టరుగా ఆ తర్కంలో నాకు లోపం కనిపించలేదు. శనివారం తెనాలి వెళ్ళాను. అక్కడ స్టూడియో యజమాని బసవేశ్వరరావుగారు నన్ను మేడమెట్ల తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. సముద్రం ఒకప్పుడు తనదేనని ఒప్పుకున్నారు. తెరచాప మీద అతుకు చూపించి, ఎలుక కొరికితే పాత గొడుగు గుడ్డ వేసి తానే కుట్టించానన్నారు. కానీ ఆ తెర తెనాలిలో నిలవలేదు. దుగ్గిరాల రైతు ఒకాయన దాని ముందు కూర్చుని, వెనక్కి తిరిగి చూసి, తన పసుపుచేను మునిగినట్టుందంటూ లేచి వెళ్ళిపోయాడట. దాంతో అరవై ఒకటిలో రేపల్లె జకరయ్యకు ఇచ్చేశారు.

మా పెళ్ళి అరవై మూడులో అయింది. కానీ కాకుమాను నుంచి బాపట్ల దాటి, తెనాలి దాటి, రేపల్లె దాకా వెళ్ళి ఎవరైనా ఫొటో ఎందుకు తీయించుకుంటారు? ఆ మాటే ఆయన్ను అడిగాను.

"మీ ఆవిడ ఎత్తెంతండి?" అన్నారు ఆయన.

నా భుజం దిగువకు వచ్చేదని చెప్పాను. ఆయన ఫొటోలో పడవను, లైటుహౌసును, ప్రమీలను వేలితో కొలిచారు.

"అయితే సందేహం లేదండి. రేపల్లే. మిగతాది జకరయ్యనే అడగండి" అని నవ్వు ఆపుకొని లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం బండికి రేపల్లె చేరాను. స్టేషను దగ్గరే స్టూడియో. అరుగు మీద ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురు తల్లులు కూర్చుని ఉన్నారు. పిల్లలు ముగ్గురూ పొట్టివాళ్లే. ఒకరి తల్లి ఇంకొకరి తల్లి వంక చూడటం లేదు. జకరయ్య ముసలివాడు. ఫొటో చూడగానే ముఖం వెలిగింది.

"మీరు అమ్మాయి తరఫా అండి, అబ్బాయి తరఫా?"

నేనే అబ్బాయినని చెప్పాను.

జకరయ్య లేచి నిలబడి, తన పక్కనున్న కిరసనాయిలు పెట్టెను కాలితో తెర వెనక్కి తోశాడు. పన్నెండేళ్ల తర్వాత వచ్చి అడిగితే ఎట్లా మాస్టారూ, మీరు చూసి చేసుకున్న పిల్లే గదా అన్నాడు. నేను దేన్ని గురించీ అడగలేదని, ఆమె పోయిందని, కూటానికి ప్లేటు కావాలని చెప్పాను. అతను మళ్ళీ కూర్చున్నాడు. కాసేపటికి పెట్టెను తనే ముందుకు లాగి నాకు చూపించాడు.

మూడు జిల్లాల్లో పొట్టి పిల్లల తల్లులందరికీ ఆ పెట్టె సంగతి తెలుసట. పిల్లను దాని మీద నిలబెట్టి, చీర కుచ్చిళ్లు పెట్టె కనపడకుండా కిందిదాకా వదులుతారు. ఇక్కడికి వచ్చినట్టు ఎవరూ బయట చెప్పరు. సుందరమ్మగారు పన్నెండేళ్లుగా దాచిన రహస్యం అదన్నమాట. ప్రమీల పొట్టిదన్న సంగతి, ఆమెతో పదకొండేళ్లు ఉన్న నాకు తెలియకూడదని ఆవిడ తాపత్రయం.

ఒకదాంట్లో కళ్ళు మూసుకుంటే ఇంకొకటి పనికొస్తుందని జకరయ్య ప్రతి పిల్లకూ రెండు ప్లేట్లు తీస్తాడు. మొదటిది బాగానే వచ్చింది. రెండోది తీస్తుండగా ప్రమీల అతన్ని ఒక మాట అడిగింది.

"'పెళ్ళయ్యాక ఈ పెట్టె మాకిచ్చేస్తారా అండి?' అందండి. అని తనే నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది. ప్లేటు పాడైపోయింది."

పాడైన ఫొటో వెనక అతను తన ముద్ర వేయడు. మిగిలిన కాగితం ముక్క మీద ఆ ఫొటో అచ్చు తీసి, ఊరికే ఆమె చేతిలో పెట్టాడు. పాడైన ప్లేట్లను ఉంచడు కూడా. సోడా నీళ్లలో కడిగి, పటాలకు అద్దాలుగా వాడేస్తాడు. ప్రమీల ప్లేటు ఈ ఊళ్లోనే ఎవరింట్లోనో ఏదో పటం మీద ఉండి ఉంటుందన్నాడు. నేను అక్కడి గోడ మీది పటాల అద్దాలను ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాను.

అది చూసి అతనే ఒక దారి చెప్పాడు. ఈ ఫొటోనే మళ్ళీ ఫొటో తీసి పెద్దది చేస్తాడట. పళ్ళ దగ్గర అలికినట్టు వస్తుంది గాని, అక్కడ కుంచెతో సరిచేస్తాడట.

"పెదాలు కలిపేస్తానండి. నోరు మూసుకున్నట్టు లక్షణంగా ఉంటుంది."

"వద్దండి," అన్నాను. "ఆ పని ఎవరివల్లా కాలేదు."

కూటం రోజున అగ్గిపెట్టె అంత ఫొటోనే బల్ల మీద నిలబెట్టాను. బెంచీల మీద కూర్చున్నవాళ్లకు ఏమీ కనపడలేదు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి దగ్గరికి వచ్చారు. మొదట ఆశీర్వాదంగారు కళ్లద్దాలు తీసి, వంగి చూశారు. ఆమె దేనికి నవ్వుతోందని మెల్లగా అడిగారు. చెప్పాను. ఆయన చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనకవాళ్లూ అదే అడిగారు. నాకు కథలు చెప్పడం రాదు. మొదటి ఇద్దరికి హాజరు పిలిచినట్టు చెప్పాను. ఆరో మనిషికి వచ్చేసరికి ఎక్కడ ఆగాలో తెలిసింది.

సుందరమ్మగారు వరసలో నిలబడి అంతా వింటున్నారు. నేను రేపల్లె పేరు ఎత్తినప్పుడు తల దించుకున్నారు. కథ పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"అట్లా కాదు మరిదిగారూ," అన్నారు ముందుకొచ్చి. "'ఈ పెట్టె సారెలో పెట్టిస్తారా అండి' అంది. మా అమ్మ గిల్లింది కూడాను. పెట్టె ఇదిగో, ఇంతెత్తు."

ఆవిడ చేత్తో ఎత్తు చూపించారు. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆవిడే చెప్పారు. నేను పక్కన నిలబడి, మొదటిసారి వింటున్నట్టు ప్రతిసారీ విన్నాను.