బోర్డు మీద పన్నెండు

అమెరికాలోని బఫలో ఊళ్లో ఆగస్టు ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం గెర్టీ నడిపే బార్‌కు వేయించిన చేప తినడానికి వచ్చిన ప్రతివాడూ సుద్దముక్క పట్టాల్సిందే. మొదలవబోయే అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో ఊరి జట్టు పదిహేడు ఆటల్లో ఎన్ని గెలుస్తుందో గోడమీది బోర్డు మీద తలా ఒక అంకె వేయాలి. సొంత జట్టాయె, పదికి తక్కువ వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు, ఒక్క కాజిమిర్‌కు తప్ప.

ఉక్కు మిల్లులో పనిచేసి రిటైరైన కాజిమిర్‌ది కుండబద్దలు కొట్టే నోరు. ఏడేళ్లుగా అతని అంకె ఒక్క ఆటకు మించి తప్పలేదు. జూలైలో జట్టు సాధన చూడటానికి వెళ్లి, అందరూ బంతి విసిరేవాడి వెంట కళ్లు తిప్పుతుంటే, వాడికి అడ్డుగోడగా నిలబడే అయిదుగురు భారీ మనుషులనే చూస్తూ కూర్చుంటాడు. ఎలా పరిగెత్తుతున్నారని కాదు, పడ్డాక ఎలా లేస్తున్నారని. ఈ ఏడు ముగ్గురు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచారు. కాజిమిర్ మనసులో వేసుకున్న అంకె అయిదు.

ఆ శుక్రవారానికి ముందు మంగళవారం డెల్ఫీన్ అతన్ని చర్చి మెట్ల మీద ఆపింది. ఆమె భర్త నార్బర్టూ, కాజిమిరూ ముప్ఫయ్యొక్క ఏళ్లు ఒకే కొలిమి దగ్గర చెమటోడ్చినవాళ్లు.

"ఎన్నాళ్లు బతుకుతాడో తనకి చెప్పొద్దని డాక్టర్‌తో అన్నాడు. నాకు చెప్పారు. క్రిస్మస్ చూడడంట, కాజ్" అంది. "నీకు అబద్ధం చేతకాదని తెలుసు. అయినా ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉంది."

ఊరి జట్టు ఒక్కసారి కప్పు గెలిస్తే చూసి పోవాలని నార్బర్ట్ కోరిక. కప్పు తేల్చే ఆఖరాట ఫిబ్రవరిలో.

శుక్రవారం నార్బర్ట్ యథాప్రకారం పదమూడు వేసి కూర్చున్నాడు. కాజిమిర్ సుద్ద అందుకోగానే గెర్టీ మొదలెట్టింది.

"వచ్చాడమ్మా మా శని! ఈ ఏడు ఎంత ఏడిపిస్తావు?"

"నీళ్లు నమలకురా, వెయ్యి" అన్నాడు నార్బర్ట్. "నీ అంకె చూశాకే నాకు సీజన్ మొదలైనట్టు."

కాజిమిర్ పన్నెండు వేశాడు. బారంతా ఈలలే. గెర్టీ అతనికో బీరు ఊరికే పోసింది. నార్బర్ట్ మాత్రం నవ్వలేదు. బల్ల పట్టుకుని లేచి, "బయటికి రా" అన్నాడు.

బయట ఎండ కాస్తున్న బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు.

"అడ్డుగోడ ఎలా ఉంది?"

"పర్లేదు."

"నా పెళ్లిలో నా డాన్సు చూసి ఎలుగుబంటి అన్నవాడివి. నా కూతురు పుట్టినప్పుడు ముక్కు నీదే, పాపం అన్నావు. నా సంతోషం కోసం ఎప్పుడన్నా ఓ మాట తగ్గించావా?" అన్నాడు నార్బర్ట్. "ఇవాళ పన్నెండు వేశావు. డెల్ఫీన్ నీకు చెప్పిందన్నమాట."

కాజిమిర్‌కు సిగ్గేసింది. జీవితంలో ఒక్క అబద్ధం ఆడాడు, అదీ నిజాన్ని బయటపెట్టేసింది.

"చెప్పరా. ఫిబ్రవరి అందదా?"

"క్రిస్మస్ కూడా."

రోడ్డు మీద వచ్చి ఆగిన బస్సు వెళ్లిపోయేదాకా నార్బర్ట్ దాన్నే చూశాడు.

"మరి జట్టు?"

"అయిదు."

"నవంబరు అయ్యేలోపల ఎన్ని గెలుస్తారు?"

"నాలుగు."

"నాలుగు చూస్తానన్నమాట. చాల్లే. పోయి ఆ అంకె మార్చు, దాన్ని చూస్తూ నాకు చేప దిగదు."

కాజిమిర్ చెయ్యి అందించాడు. నార్బర్ట్ పట్టుకోలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని తనే లేచాడు.

లోపల పన్నెండు చెరిపి అయిదు వేయగానే బారంతా కాజిమిర్ మీద దుమ్మెత్తిపోసింది. అందరికంటే గట్టిగా తిట్టినవాడు నార్బర్ట్.