దారం తెగిన చోట

టీ కప్పుల కింద తుండుగుడ్డ పరవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆదివారాలే నేర్పాయి. ట్రేలో కప్పులు ఒకదానికొకటి తగిలి ఏ కాస్త చప్పుడైనా హాల్లో ఆమె భర్త చెయ్యి పైకి లేచేది. నోటితో ఏమీ అనడు. పాట నడుస్తున్నంతసేపూ ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదని నియమం పెట్టింది ఆయనే. చెయ్యి మాత్రం లారీని ఆపే పోలీసు చెయ్యిలా లేస్తుంది. ఆమె గుమ్మంలోనే నిలబడిపోవాలి. మిక్సీ తిప్పకూడదు, కుళాయి ధారగా వదలకూడదు, కుక్కరు కూత వెయ్యకూడదు. కూత వచ్చేలోగా పొయ్యి ఆపి, పాట అయ్యాక వెలిగించి, ఇంకో పాటకి మళ్ళీ ఆపి, ఇలా ఆదివారం అన్నం ఉడికేసరికి మధ్యాహ్నం కాస్తా దాటిపోయేది. "సెలవు రోజైనా వేళకింత తిండి పెట్టవేం?" అని అడిగేదీ ఆయనే.

ఆయన ఇన్సూరెన్సు కంపెనీలో పెద్ద ఆఫీసరు. ఆదివారం పొద్దున్నే ముగ్గురు స్నేహితులు వచ్చేవారు: పళ్ళ డాక్టరు, లెక్కల మాస్టారు, స్థలాల బ్రోకరు. ఒక్కొక్కరు తమకిష్టమైన గొంతుని తెచ్చి వినిపించాలి, తర్వాత ఆ గొంతు ఎందుకు గుర్తుండిపోతుందో వాదించుకోవాలి. డాక్టరు దృష్టిలో సర్వానికీ మూలం అంగిలి. అంగిలి ఎత్తుగా ఉన్నవాళ్ళ గొంతు గుండ్రంగా వస్తుందట. మాస్టారుకి స్వరం వెంట్రుకవాసి కూడా పక్కకి జరగకూడదు. బ్రోకరుకి స్థలమైనా గొంతైనా ఎత్తు మీద ఉండాలి, అంతే. వాళ్ళు ముగ్గురూ అరిచి అలిసిపోయాక ఆయన గొంతు సవరించుకుని తన దేవత పాట పెట్టేవాడు.

ఆ గాయనిని అందరూ అమ్మగారు అనేవారు. ఎవరి కోసమో కిటికీ దగ్గర కూర్చున్న మనిషి పాట అది. రెండో చరణంలో "వస్తావని" అనే మాట వస్తుంది. అమ్మగారు ఆ మాటని ఒక్క ఊపున అనరు. "వస్తా" అని ఆగిపోతారు. వాద్యాలన్నీ నడుస్తూనే ఉంటాయి, గొంతు మాత్రం ఉండదు. విన్నవాడికి ప్రాణం గొంతులోకొస్తుంది. అప్పుడు నెమ్మదిగా "వని" వస్తుంది.

"ఆ ఆగడం చూశారా?" అనేవాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "కోట్లు పోసినా రాదు. నేర్చుకుంటే వచ్చేది కాదది, పుట్టుకతో రావాలి."

వంటింట్లో ఆమె నవ్వుకునేది. పుట్టుక సంగతేమో గానీ, అది పిన్ని కుట్టుమిషను నుంచి వచ్చింది.

అమ్మ ఆస్పత్రిలో నర్సు కావడంతో ఆమె పెరిగిందంతా పిన్ని మిషను పక్కనే. గుండీలు కుడుతూ, అంచులు మడుస్తూ, నేల మీద రాలిన గుడ్డపేలికలతో ఆడుకుంటూ. పిన్నిది గొప్ప గొంతేమీ కాదు. ఏడాది పొడవునా జలుబు చేసినట్టుండేది. కానీ పాదం మిషను మీద ఆడినంతసేపూ పాట ఆడేది. దారం తెగితే పాటా తెగేది, మాట మధ్యలోనైనా సరే. దారం కొస నోట్లో తడిచేసి, ఒక కన్ను మూసి, సూదిలోకి ఎక్కించి, ఏ అక్షరం దగ్గర వదిలిందో ఆ అక్షరం దగ్గరే అందుకునేది. ఆ మధ్యలో వీధంతా వినపడేది. సైకిలు బెల్లు, ఎవరిదో దగ్గు, ఎదురింట్లో గిన్నె కడుగుతున్న చప్పుడు. మిగతా అక్షరం వస్తుందా రాదా అని పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చునేది. రేడియోలో అవే పాటలు ఎక్కడా ఆగకుండా సాగిపోతుంటే ఆమెకేదో వెలితిగా ఉండేది.

"పిన్నీ, రేడియో ఆవిడకి దారం తెగదేం?" అని అడిగిందొకసారి.

"ఆవిడకి పాడటమొక్కటే పనే తల్లీ. మనకలా కుదురుతుందా?" అని పిన్ని పడీపడీ నవ్వింది.

ఇప్పటికీ ఆమెకు బాగా గుర్తున్న గొంతు ఏదంటే అదే. అంగిలి ఎత్తెంతో ఆమెకు తెలియదు.

చదువయ్యాక రికార్డింగు స్టూడియోలో ట్రాకు పాడే పని దొరికింది. పెద్ద గాయకులు రాకముందే పాటని ఎవరో ఒకరు పాడి ఉంచాలి, అదే ట్రాకు. వాళ్ళొచ్చి అది విని, వరస పట్టుకుని, తమ గొంతుతో పాడతారు. పాడాక ముందుది చెరిపేస్తారు. ఫిడేలు వాయించే పెద్దాయన ఆమెకు 'నమూనా' అని పేరు పెట్టాడు. బట్టల కొట్లో ముక్క చూపించి తాను అమ్ముతారు కదా, అలాగన్నమాట. అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు, ఆమె నవ్వుతూనే పలికేది. చెరిపేస్తారని తెలిసీ ప్రాణం పెట్టి పాడేది. ఏసీ చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఫిడేలాయన టీ గ్లాసు ఇచ్చి "తాగకు, పట్టుకో" అనేవాడు. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు అరచేతులు వెచ్చబడతాయి.

కిటికీ పాట ట్రాకు పాడిన రోజు, ఏ ధ్యాసలో ఉందో ఏమో, ఆమె "వస్తా" అని ఆగిపోయింది. పిన్ని పాటలు పాడీ పాడీ పడిన అలవాటు. క్షణం తర్వాత "వని" అంది. సంగీత దర్శకుడు నెత్తి కొట్టుకున్నాడు. మళ్ళీ పాడించడానికి టైము లేదు, బయట అమ్మగారి కారు వచ్చేసింది.

అమ్మగారు హెడ్‌ఫోన్సు పెట్టుకుని విన్నారు. ఆ చోటు రాగానే తలెత్తారు.

"ఈ పిల్ల ఇక్కడెందుకు ఆగింది?"

"పొరపాటండీ. మీరు ఆపక్కర్లేదు," అన్నాడు దర్శకుడు.

"మిమ్మల్ని కాదు. ఏమ్మా, ఎందుకాగావు?"

ఆమెకు ఏం చెప్పాలో తోచక ఉన్నమాటే అనేసింది. "దారం తెగిందండీ."

స్టూడియో అంతా గొల్లుమంది. అమ్మగారు నవ్వలేదు. దగ్గరికి పిలిచి, పిన్ని గురించి, మిషను గురించి అంతా అడిగి తెలుసుకున్నారు. "మళ్ళీ ఎక్కించడానికి ఎంతసేపు పట్టేది మీ పిన్నికి?" అని కూడా అడిగారు. తర్వాత మైకు ముందుకెళ్ళి, దర్శకుడు మొత్తుకుంటున్నా వినకుండా, సరిగ్గా అంతసేపూ ఆగి పాడారు. వెళ్తూ వెళ్తూ "మీ పిన్నికి నా నమస్కారాలు చెప్పు" అన్నారు. ఆ మాట చెబితే పిన్ని "చాల్లే, కోతలు" అంది గానీ, ఆ రోజంతా ఒక్క కుట్టూ సరిగ్గా పడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఈ సంబంధం వచ్చింది. అబ్బాయి మొదటి మాటే "నాకు పాటలంటే ప్రాణం" అన్నాడు. పాటలంటే ప్రాణమన్న మనిషికి పాడే మనిషన్నా ప్రాణంగానే ఉంటుందని ఆమె అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఎంతో ఇష్టంగా దారం కథ చెప్పింది. ఆయన పగలబడి నవ్వాడు. "అంటే అమ్మగారికి నువ్వు నేర్పావన్నమాట!" వచ్చే ఆదివారానికి అది స్నేహితుల దాకా పాకింది. "మా ఆవిడ పాటలు కుడుతుందండోయ్" అని ఆయన అంటే, బ్రోకరు "అయితే నా ప్యాంటు కాస్త పొడవైంది, ఓ పాట పాడిపెట్టమ్మా" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. టీ అందిస్తున్న మనిషి నవ్వకుండా ఎలా ఉంటుంది? ఆ తర్వాత ఆ కథ ఎత్తలేదు. స్టూడియోకి వెళ్తానన్న మాటా ఎత్తలేదు. అత్తగారు అంతకుముందే చెప్పి ఉంది: "పాడుకో, వద్దనను. పక్కింటివాళ్ళు రేడియో అనుకునేలా పాడుకో. మనిషి అనుకునేలా వద్దు."

అదే అత్తగారు మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి పట్టుకుని "ఏదైనా పాడవే, నిద్ర పట్టడం లేదు" అంది. పాడితే విని, "ఇంత బాగా పాడతావని ఇన్నాళ్ళూ చెప్పావు కాదేం?" అని నిష్ఠూరమాడింది. కోపం రావాలో ఏడుపు రావాలో తెలియక ఆమె దుప్పటి సరిచేసి ఇవతలికి వచ్చేసింది.

ఆయన చెడ్డవాడు కాడు. ఏ పాటైనా మొదటి హమ్మింగు వినగానే ఎవరిదో చెప్పేస్తాడు. పక్కవీధి పెళ్ళిలో మోగుతున్నా సరే, పట్టేస్తాడు. అలాంటి మనిషికి ఆ మధ్య ఆమె ఫోను పాడై రిపేరు షాపు నుంచి చేసింది. "ఏమండీ, వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది" అంది. అవతల నుంచి "ఎవరండీ? ఏ నెంబరు కావాలి మీకు?" అన్నాడు. ఆమె రెండోసారి మాట్లాడింది. "రాంగ్ నెంబరమ్మా" అని పెట్టేశాడు. షాపువాడు "దొరికారా మేడమ్?" అంటే ఆమె "లేదు బాబూ" అంది. ఇంటికొచ్చాక ఆ సంగతి చెప్పలేదు. చెప్తే అదో జోకు అవుతుంది మళ్ళీ.

గురువారం అమ్మగారు పోయారు. ఆయన ఆఫీసు నుంచి మధ్యలోనే వచ్చేసి, చొక్కా అయినా మార్చుకోకుండా కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె నీళ్ళిచ్చి పక్కన కూర్చుంది. ఆమె కూడా ఏడుద్దామనుకుంది గానీ, అప్పటికే ఆయనకు ఫోన్లు మొదలయ్యాయి. ఆదివారం ఇంట్లో పెద్ద సంస్మరణ సభ, ఎప్పుడూ వచ్చే ముగ్గురే కాదు, ఆఫీసు వాళ్ళు, కాలనీ వాళ్ళు, అంతా కలిసి పాతికమంది. "టీ రెండుసార్లుండాలి" అన్నాడు, కళ్ళు తుడుచుకుని.

ఆ సాయంత్రమే ఆమెకూ ఒక ఫోను వచ్చింది.

"హలో" అందో లేదో, అటునుంచి "నమూనా!" అన్నారెవరో వణుకుతున్న గొంతుతో. ఫిడేలాయన. ఎనభై దాటి ఉంటాయి.

"నేనేనని ఎలా తెలిసిందండీ?"

"ఒక్క హలో చాలదుటమ్మా? ఎవరెవరినో అడిగి నెంబరు సంపాదించాను గానీ, గొంతుకి అడ్రసెందుకు? విను. ఆదివారం పొద్దున మన పాత స్టూడియోలో అందరం కలుస్తున్నాం. అమ్మగారి కోసం. కిటికీ పాట నువ్వు పాడాలి."

"నేనా? మానేసి ఎన్నేళ్ళయిందో."

"దారం తెగింది, అంతేగా. రా."

ఫోను పెట్టేసి ఆమె చాలాసేపు కూరగాయల బుట్ట ముందు కూర్చుంది. శుక్రవారం ఆయనతో చెప్పింది. వినిపించుకోలేదు. శనివారం మళ్ళీ చెప్పింది. "ఇంటికి అంతమంది వస్తుంటే నువ్వెక్కడికి?" అన్నాడు, పేపరు మడవకుండానే. ఆదివారం పొద్దున ఆమె స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని హాల్లోకి వచ్చింది. ఆయన కుర్చీలు సర్దుతున్నాడు.

"వెళ్తున్నానండీ."

ఆయనకు మిన్ను విరిగి మీద పడ్డట్టయింది. "మరి టీ?"

"మీరు పెట్టండి."

"నాకు టీపొడి ఎక్కడుంటుందో కూడా తెలీదే!"

"పెళ్ళయినప్పట్నుంచీ ఒకే డబ్బాలో ఉందండీ. దానికి ఎక్కడికీ వెళ్ళే అలవాటు లేదు."

ఆయన చేతిలో ఉన్న కుర్చీ కింద పెట్టాడు. తర్వాత నిజంగానే బాధపడుతూ అన్నాడు. "అది కాదోయ్. అమ్మగారి పాట ఇంకొకళ్ళు పాడితే ఏం బాగుంటుంది చెప్పు? ఆ పాట పాడటమంటే మాటలా? రెండో చరణంలో ఆ చోటొస్తే ఏం చేస్తావు?"

"ఆగుతాను," అంది ఆమె.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో గుర్తు చేసుకోబోతున్నవాడిలా కనుబొమలు ముడిపడ్డాయి గానీ, ఈలోగా కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీసుకుని లోపలికొస్తున్న మాస్టారుకి దారిచ్చి ఆమె మెట్లు దిగింది. వీధిలోకి వచ్చాక ఒకసారి ఇంటివైపు తిరిగి చూసింది. వెనక్కి పోదామా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. ఆటోని చెయ్యెత్తి ఆపి ఎక్కింది.

స్టూడియో చాలా మారిపోయింది. తలుపుకి మాత్రం అదే బరువు. లోపల నెరిసిన తలలు, చేతికర్రలు, ఒకరినొకరు గుర్తుపట్టి వెక్కివెక్కి ఏడుస్తున్న కోరస్ ఆడవాళ్ళు. ఫిడేలాయన చక్రాల కుర్చీలోంచే రెండు చేతులూ చాపాడు. ఆమె వంగి ఆ చేతుల్లో ముఖం పెట్టుకుంది. గురువారం రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మైకు ముందుకి పిలిచారు. కీబోర్డు దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. గాలిలో వేళ్ళు ఆపి మర్యాదగా అడిగింది.

"శ్రుతి ఎంత పెట్టమంటారమ్మా? అమ్మగారిదేనా?"

ట్రాకు పాడేవాళ్ళను ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఎవరి పాటైతే వాళ్ళ శ్రుతి. అందకపోతే మునివేళ్ళ మీద నిలబడి అందుకోవాలి, లోతైతే మునగాలి. స్టూడియోలో ఎవరి శ్రుతిలోనో పాడింది. ఇంట్లో ఇంకెవరి శ్రుతిలోనో మాట్లాడింది. తనది ఎంత అని ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమెకు సిగ్గనిపించలేదు, తొందరా అనిపించలేదు.

"నాదెంతో నాకు తెలీదమ్మా," అంది. "కింద నుంచి ఒక్కొక్కటే వాయించు. నాది రాగానే చెప్తాను."