తెర మీది బాణం

ఆవిడ భర్తకు అన్నీ ఉన్నాయి, సొంత ఆలోచన ఒక్కటి తప్ప. పెళ్లికి ముందు ఆవిడకు రాసిన ఉత్తరం కూడా స్నేహితుడెవరో తనకు కాబోయే భార్యకు రాసుకున్నదే. పేరు మార్చాడు గానీ, ఆవిడకు ఏనాడూ లేని పొడుగు జడను అలాగే ఉంచేశాడు. ఆ జడ ఇన్నేళ్లుగా వాళ్ల కాపురంలో మూడో మనిషిలా తిరుగుతూనే ఉంది.

అలాంటి మనిషి అభిమాన సంఘానికి కార్యదర్శి అయ్యాడు. పాతికేళ్ల కిందట టీవీలో వచ్చిన ఒక అంతరిక్ష సీరియల్‌కు ఊరూరా అభిమానులున్నారు. ఊరూరా ఏటా సమ్మేళనం పెడతారు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. అదే అట్ట రాకెట్టు, మొహం దూర్చి ఫొటో దిగడానికి అదే కన్నం, అదే క్విజ్, వెండి రంగు అంగీల్లో ఉక్కపోతకు వగర్చే అదే నలభై మంది. అతిథి కూడా ఒక్కడే. సీరియల్లో రెండో కాపలాదారు వేషం వేసిన ముసలాయన. పెద్ద నటులు పిలిస్తే పలకరు, ఈయన బస్సు టికెట్టు పంపితే వస్తాడు. ఆయనకున్న డైలాగు ఒకటే: "ఇటు ఎవరూ రాలేదు, దొరా." అది చెప్పి, షూటింగులో హెల్మెట్ తలకు ఇరుక్కుపోయిన కథ చెప్పి, చప్పట్లు మోగుతుండగా కుడివైపు తెర తొలగించుకుని, దాని వెనకున్న తలుపులోంచి వెళ్లిపోతాడు. ముప్ఫై ఊళ్లలో అంతే.

ఈ ఏడు కార్యదర్శి టేపు పట్టుకుని పక్క ఊరి సమ్మేళనానికి వెళ్లి, వేదికను అంగుళాలతో సహా కొలుచుకొచ్చాడు. ఫొటోలు భార్య కుట్టుమిషను మీద పరిచాడు.

"తెర ఇలాగే ఉండాలి. ఈ మూల వెండిగుడ్డతో బాణం, దాని కింద 'బయటకు దారి' అని అక్షరాలు. కుట్టు కూడా మారకూడదు."

"వాళ్ల హాలు వేరు, మన హాలు వేరు కదండీ."

"ఏ హాలైతే ఏంటి? వాళ్లకి బ్రహ్మాండంగా నడిచింది. నువ్వు నీ తెలివి వాడకు."

ఆ మాట ఆవిడకు సూదిలా దిగింది. పైకి మాత్రం "అలాగే" అంది.

మర్నాడు తెర కొలతలకు హాలుకు వెళ్లింది. అది ఒకప్పుడు సామాన్ల గోదాము. కుడి మూల పాత గుడ్డ తొలగించి చూస్తే అక్కడ తలుపు లేదు. లారీల్లోంచి సరుకు దించుకునే చోటు. నేల అక్కడితో ఆగిపోయి, నిలువెత్తు లోతులో సిమెంటు గచ్చు.

ఆవిడ ఇంటికొచ్చి, బాణాన్ని సరిగ్గా ఆ మూలకే కుట్టింది. సమ్మేళనానికి ముందురోజు రిహార్సల్ ఉంటుంది. కమిటీ అందరి ముందూ భర్తే తెర తొలగిస్తాడు, గొయ్యి చూసి నోరు వెళ్లబెడతాడు. అప్పుడు అనాల్సిన మాట కూడా సిద్ధం చేసుకుంది: "తెలివి వాడొద్దన్నారుగా." నాలుగు రోజులు ఆ మాటను తలుచుకుని మిషను మీద ఒంటరిగా నవ్వుకుంది.

రిహార్సల్ జరగలేదు. ఆ సంగతి సమ్మేళనం రోజు పొద్దున మరిది చెబితే తెలిసింది.

"పక్క ఊళ్లో చేశారుగా వదినా, మళ్లీ మనకెందుకని అన్నయ్య వద్దన్నాడు."

చెప్పేయాలనుకుంది. ఈలోగా అంగీలు చిరిగినవాళ్లు వరస కట్టారు. ముసలాయన కూడా ఊడిన బొత్తాంతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇవాళ వేరే కథ చెబుదామనుకుంటున్నా. నిజానికి హెల్మెట్ ఇరుక్కుంది నాక్కాదు, మొదటి కాపలాదారుకి. వాడు పోయాక నా నెత్తిన పెట్టారు."

"మరి మీ కథేంటి బాబాయ్‌గారూ?"

ఆయన నోరు తెరిచేలోగా కార్యదర్శి వచ్చాడు. "వద్దండీ. జనం హెల్మెట్ కోసమే వచ్చారు."

"సరే బాబూ," అని ముసలాయన లేచాడు. వెళ్తూ ఆవిడ వైపు వంగి, "దిగొచ్చాక నీకు చెబుతాలే" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. కాని భర్త మరో అంగీ ఆవిడ ఒళ్లో పడేసి, "పక్క ఊరివాళ్ల బొత్తాలు నల్లవే. నువ్వు తెల్లవి కుట్టావేంటి? చూసి కుట్టమంటే అంత కష్టమా?" అన్నాడు. ఒళ్లు మండింది. పంతం పట్టినట్టు తలొంచుకుని తెల్లవి ఊడదీసి నల్లవి కుట్టింది. ఆఖరి ముడి వేసి తలెత్తేసరికి వేదిక మీద హెల్మెట్ కథ ముగింపుకొచ్చింది.

ఆవిడ అంగీ విసిరేసి పరుగెత్తింది. లైట్లు కళ్లలో పడుతుంటే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని బాణం వెతుక్కున్నాడు, తెర తొలగించాడు, అడుగేశాడు. చప్పట్లలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఆవిడకు వినపడింది. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

మూడో రోజు ఆయన పోయాడు.

సంతాపసభ అదే హాల్లో పెట్టారు. కార్యదర్శి చదవాల్సిన తీర్మానం కూడా పక్క ఊరిదే. రెండేళ్ల కిందట వాళ్ల అధ్యక్షుడు పోయినప్పటిది.

"ఇందులో 'చూపు మందగించి మెట్ల మీంచి జారి' అని ఉందన్నయ్యా. మనకి మెట్లు లేవుగా," అన్నాడు మరిది.

"మెట్లు కొట్టేసి మిగతాది ఉంచు."

అలాగే చదివాడు. ముందు వరసలోంచి ముసలాయన కూతురు లేచింది. బస్సు డిపోలో టికెట్లిచ్చే మనిషి, యూనిఫాంలోనే వచ్చింది.

"నాన్నకి చూపు బాగానే ఉందండీ. సూదిలో దారం నాకు ఆయనే ఎక్కించి ఇచ్చేవాడు. బాణం చూసే వెళ్లాడు. అక్కడ తలుపు లేదని మీలో ఒక్కరికీ తెలీదా?"

"ఎవరికీ తెలీదమ్మా," అని కార్యదర్శి అలవాటుగా భార్య వైపు చూశాడు, అవునను అన్నట్టు.

ఆవిడ లేచి నిలబడింది.

"నాకు తెలుసు."

కార్యదర్శి గబగబా కాగితంలోకి చూశాడు. దీని తర్వాత ఏం అనాలో పక్క ఊరివాళ్లు రాసి పెట్టలేదు.

"తెర కొలవడానికి వెళ్లినప్పుడే చూశానమ్మా. మా ఆయన నలుగురిలో నవ్వులపాలవ్వాలని నోరు మూసుకున్నాను. ఆ బాణం కుట్టింది నేనే. మీ నాన్న కళ్లు బాగానే ఉన్నాయి. తప్పు నాది."