రెండో దండం

కొరియాలోని గున్సాన్ రేవులో మల్సున్ మొగుడి తద్దినం అంటే చాలు, ఇరుగుపొరుగు తలుపులు ఓరగా తీసి పెట్టుకునేవాళ్లు, ఆవిడ కొడుకుల పోట్లాట వినడానికి. పెద్దాడు కిహ్యోన్ చర్చి పెద్ద, చచ్చినవాళ్లకి సాగిలపడి దండం పెట్టడు. చిన్నాడు తెసూకి దేశాభిమానం ముదిరింది, పరాయి సరుకు ముట్టడు. కిందటేడు ఇద్దరూ మెతుకు ముట్టకుండా విసురుగా పోయారు. ఈసారైనా తండ్రి దగ్గర కలిసి కూర్చుని తింటే చాలని ఆవిడ ఆశ.

తెసూ వస్తూనే తండ్రికి వడ్డించిన బల్ల తనిఖీకి దిగాడు.

"ఎండుచేప రష్యాది. ఈ ఆకుకూర చైనాది. అరటిపళ్లు ఫిలిప్పీన్స్‌వి. ఇది కొరియా తద్దినమేనా అమ్మా?"

"మీ నాన్న ఓడల్లో వంటచేస్తూ ఆసియా అంతా తిన్నాడ్రా. ఏ చేపనీ పాస్‌పోర్టు అడగలేదు."

"చేపల సంగతి అలా ఉంచు. నేను ప్రార్థన మాత్రమే చేస్తాను, దండం పెట్టను" అన్నాడు కిహ్యోన్.

"నీ దేవుడూ దిగుమతి సరుకేగా అన్నయ్యా."

"నీ ఫోను విప్పి చూడు, లోపల ఎన్ని దేశాలున్నాయో."

మల్సున్‌కి ఒళ్లు మండింది. "రేపు నేను పోతే ఒకడు పాటలు పాడతాడు, ఒకడు చేప పుట్టిన ఊరు వెతుకుతాడు. మధ్యలో నాకు పస్తు. బయటికి నడవండి, మీ నాన్న భోంచెయ్యాలి."

పోయినవాళ్లు తినేటప్పుడు ఇంట్లోవాళ్లు తలుపేసి బయట ఉండాలి. ఆవిడ మాత్రం లోపలే ఉండిపోయింది, మొగుణ్ణి నాలుగు దులపాలని.

"తిను. నువ్వు కన్న రత్నాలే ఇద్దరూ. నా నెత్తిన పడేసి హాయిగా పోయావు."

ఇంతలో బయట మాటలు ఆగిపోయాయి. మళ్లీ పోయారు కాబోలు అనుకుంటూ ఆవిడ గబగబా తలుపు తీసింది.

గుమ్మం ముందు ఇద్దరూ పక్కపక్కనే నేలకి నుదురు ఆనించి ఉన్నారు. ఒకడిది దండం, ఒకడిది ప్రార్థన. ఏది ఎవరిదో కన్నతల్లికే తెలియలేదు. తెసూ లేచి, కళ్లు మూసుకునే, తండ్రికని మళ్లీ వంగబోయాడు. ఎదురుగా ఉన్నది తల్లి.

"ఆగరా. బతికున్నవాళ్లకి ఒక్కటే, పోయినవాళ్లకే రెండు. నేనింకా ఉన్నాను" అందావిడ. "ఆ రెండోది దాచిపెట్టండి. నా తద్దినం రోజున ఇద్దరూ కలిసొచ్చి పెడుదురుగాని."

కిహ్యోన్ తలెత్తలేదు. "నాది ప్రార్థనమ్మా" అన్నాడు ఏడుస్తూనే.

"ఏదో ఒకటి పెట్టు నాయనా. వాడి పక్కన ఉండి పెట్టు."