మూడు గంటల పెట్టె

నేను ఒక స్టీలు పెట్టెను. నా ముందు పలకలో గుండ్రని సందు ఉంది. అందులోంచి కుందేలు తల బయటికి వస్తుంది. ఒళ్లు లోపలే ఉంటుంది. పైన మూత, మూతకు గొళ్లెం.

నన్ను బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో మొగులయ్య చేశాడు. ఆర్డరు తెచ్చిన గుమాస్తాను అడిగాడు: "మెడకు సందెందుకు సారూ?"

"కుందేలు కూసునేటందుకు."

"కూసుంటదా, కూసోపెడ్తరా?"

గుమాస్తా కొలతల కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మొగులయ్య సందు అంచును ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు. కాగితంలో ఒకసారే అని ఉంది.

నేను చేరింది ఊరి బయట ఒక మందుల పరీక్షశాలకు. నరానికెక్కించే సెలైన్‌లో జ్వరం తెప్పించేదేమైనా ఉందా అని అక్కడ చూస్తారు. దాన్ని కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, మూడు గంటలు నాలో ఉంచి, ఒంటి వేడి కొలుస్తారు. వేడి పెరిగితే సీసాలన్నీ పారబోస్తారు. ఇక పనికిరాదనుకున్న కుందేలును చంపేస్తారు. కాగితాల్లో ఆ మాట ఉండదు. "ముగించడమైనది" అని ఉంటుంది. మనుషులు చేసే పనికంటే దానికి పెట్టే పేరు గురించి ఎక్కువసేపు ఆలోచిస్తారు.

కుందేళ్లు కళ్లు తెరిచే నిద్రపోతాయి. నాలో నిద్రపోయినదాని వెనక కాళ్లు నా గోడకు తగిలేవి, పరుగెత్తుతున్నట్టు. అది పుట్టింది బోనులోనే. చూడని నేలను కలగంటుందా? నాకు కలలు లేవు. దాని కల చప్పుడు మాత్రం పదకొండేళ్లు విన్నాను.

కుందేళ్లను చూసుకునే మనిషి భూలక్ష్మి. గొళ్లెం పెట్టాక పక్కన స్టూలు వేసుకుని, వాటి నుదురు నిమురుతూ ఇంటి సంగతులు చెప్పేది. నియమాల పుస్తకంలో అది లేదు.

ఒకసారి కూతురి కాన్పుకని ఆమె పది రోజులు సెలవు పెట్టింది. ఆమె బదులు వేరే మనిషి వచ్చాడు. ఆ పది రోజుల్లో రెండు పరీక్షల్లో వేడి పెరిగింది. వేడి పెరిగినవి మళ్లీ పరీక్షకు పనికిరావని, పరీక్షకు మూడు చొప్పున ఆరు కుందేళ్లను ముగించే జాబితాలో రాశారు. తిరిగొచ్చిన భూలక్ష్మి ఆ జాబితా చూసి, దానిమీద సంతకం పెట్టాల్సిన డాక్టర్ సుభద్ర దగ్గరికి వెళ్లింది.

"మేడం, వీటికి జరం రాలె. బుగులైంది."

"థర్మామీటర్ అబద్ధం చెబుతుందా, భూలక్ష్మీ?"

"యేడి ఎంతో జెప్తది మేడం, ఎందుకో జెప్పదు. సూది ఎయ్యకుండ కూసోపెట్టి సూడుండ్రి."

సుభద్ర చూసింది. ఆ కొత్త మనిషి చేత ఆరింటినీ పెట్టెల్లో కూర్చోబెట్టించింది, సూది వేయలేదు. వేడి పెరిగింది. మర్నాడు స్టూలు మీద భూలక్ష్మి ఉంది. పెరగలేదు. రెండు చార్టులనూ పక్కపక్కన పెట్టి సుభద్ర రిపోర్టు రాయడం మొదలుపెట్టింది.

"కుందేలు జడుసుకుందని రిపోర్టు రాస్తారా మేడం? నవ్విపోతారు," అన్నాడు మేనేజర్ కేశవరావు.

"రాస్తాను సార్. పరీక్షే మార్చమని కూడా రాస్తాను."

మనిషి రక్తంలో మందు కలిపి గొట్టంలోనే చూసే పద్ధతి ఒకటుంది. జ్వరం తెప్పించేది ఉంటే ఆ రక్తకణాలే చెబుతాయి. దానికి రక్తమిచ్చేవాళ్లు కావాలి. భూలక్ష్మి చెయ్యి చాపింది.

"నీ నెత్తుర్ల చాయ్ తప్ప ఏముంటదమ్మా?" అన్నాడు కేశవరావు.

"మీరు గూడ చాపుండ్రి సారూ. ఎవరిదాంట్ల ఏమున్నదో తెలుస్తది."

అతను చొక్కా చేయి మడవడానికి కొంతసేపు పట్టింది. మడిచాడు.

కొత్త పద్ధతికి అనుమతి రావడానికి ఏడాది పట్టింది. అన్నాళ్లూ ఆ జాబితా సంతకం కాకుండా సుభద్ర సొరుగులో ఉంది. మిగతా కుందేళ్లను విడతలుగా శరణాలయానికి పంపేశాక చివరికి ఈ ఆరే మిగిలాయి. రెండు బండ్లు దండగని కేశవరావు వాటినీ, తుక్కుకు వేసిన మా పెట్టెలనూ ఒకే ఆటో ట్రాలీలో ఎక్కించాడు.

జంతువుల శరణాలయంలో బోనును గడ్డి మీద దించి తలుపు తీశారు. ఒక్కటీ కదలలేదు.

"పోండ్రే," అంది వెంట వచ్చిన భూలక్ష్మి. కదలలేదు. ఆమె వాటికి వీపు తిప్పి గడ్డిలో కూర్చుంది. ఆటో అతను హారన్ మీద చెయ్యి వేస్తే వద్దని సైగ చేసింది.

చాలాసేపటికి ఒకటి ముందరి కాలు బయట పెట్టింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టింది. అది ఆమెకు కనబడదు. నాకు కనబడుతోంది, చెప్పడానికి నోరు లేదు.

తుక్కు దుకాణం మూసేస్తారని ఆటో బయలుదేరింది. అప్పటికి నాలుగు బయటికి వచ్చాయి. మిగిలిన రెండింటి కోసం ఆమె అలాగే కూర్చుని ఉంది, వెనక్కి తిరగకుండా.