గడప దాటిన మిరపకాయలు

"చినుకు పడకముందే మునిగిపోయామంటావేమిటే? నీ నోట మంచి మాట రాదా?" అని భార్య నజీహాని కసిరి, మోంజీ కాఫీ గ్లాసు గట్టు మీదే వదిలేసి కొట్టుకి వెళ్ళిపోయాడు. నాలుగడుగులు నడిచి ఆ గ్లాసు తొట్టిలో వేస్తే కాళ్ళు అరిగిపోవూ! నజీహా తీద్దామని లేచి, చేతులు చూసుకుని మళ్ళీ కూర్చుంది. పొద్దున్నుంచీ మిరపకాయలు చీరి గింజలు తీస్తోంది, వేళ్ళు భగ్గుమంటున్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ మంట అలవాటే. సెప్టెంబరు నెల మబ్బే ఆమెకి అలవాటు కాలేదు. సముద్రపొడ్డున ఉన్న నాబుల్ ఊరి మీద నల్లగా ఏది కమ్మినా ఆమె చేతిలో పని ఆపి పైకే చూస్తుంది. ఇంతకీ ఆమె అడిగింది ఏపాటి? ఉగ్రాణంలోని సరుకు మేడ మీదకి చేరుద్దామంది, అంతే.

ఉగ్రాణం ఆ ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న గది. చల్లగా ఉంటుందని మోంజీ ముత్తాతలు మూడు మెట్లు దిగేలా కట్టారు. ఊళ్ళో పాత ఇళ్ళన్నీ అంతే. ఏడాదికి సరిపడే కుస్‌కుస్ గోధుమరవ్వ, నూనె జాడీలు, కొట్లో అమ్మే హరిస్సా కారం ముద్దకి కావలసిన ఎండుమిరప దండలు, మరుసటేడు నాటే గింజలు, అన్నీ అందులోనే. ఇంటి వెనక వాగు ఏడాది పొడుగునా ఎండిపోయి, పిల్లలు బంతి ఆడుకునేలా ఉంటుంది. ఐదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ వాగు ఇంట్లోకొచ్చి, దారి తెలిసినట్టు ఆ మూడు మెట్లూ దిగింది. దండలు కుళ్ళాయి. రుబ్బే మిషను మోటారు పోయింది. సరుకు కొనే కొట్ల ఫోను నంబర్లున్న పుస్తకం పేస్టయిపోయింది. అన్నిటికన్నా కడుపుకోత ఆ గింజలు. ఆ ఇంటి హరిస్సా రుచి ఆ గింజదే. నజీహా ఊరూరా తిరిగి, ఒక రైతు భార్యని బతిమాలి గుప్పెడు గింజలు తెచ్చుకుని, డాబా మీద కుండీల్లో మొదలుపెట్టి మూడేళ్ళు పెంచింది.

బురద ఎత్తి, గోడలకి సున్నం కొట్టాక ఏం చేశారు? సరుకంతా మళ్ళీ అదే గదిలో పెట్టారు. తాతలనాటి పద్ధతి కదా మరి! "మగాడన్నవాడు పడ్డచోటే లేవాలి, లేచాను," అని మోంజీ చుట్టాలకి చెబుతుంటే ఆమె వాళ్ళకి కాఫీలందిస్తూ వింది. కొట్టు బోర్డు మీద ఉన్నది కూడా "మోంజీ హరిస్సా" అనే. ఆ ముద్దలో ఉప్పెంత పడుతుందో ఆయనకి ఈనాటికీ తెలియదు.

వసంతంలో మునిసిపాలిటీ వాళ్ళు చిన్న వ్యాపారాల వాళ్ళని పిలిచి, వరదొస్తే ఎలా తట్టుకోవాలో, మళ్ళీ ఎలా నిలదొక్కుకోవాలో చెప్పారు. పిలుపు యజమానికి. మోంజీ వెళ్ళి ఒక పెన్నూ, ఒక సంచీ తెచ్చుకున్నాడు. "ఏం చెప్పారు?" అంటే, "ఏముంది, అల్లా దయ అన్నారు," అన్నాడు. వాళ్ళిచ్చిన కాగితం మర్నాడు సార్డీన్ చేపలు చుట్టుకుని ఇంటికొచ్చింది. నజీహా దాన్ని కడిగి ఆరబెట్టి చదివింది. మీ పని జరిగే చోటు రేపు లేకుండా పోతే, ఎల్లుండి పని ఎక్కడ చేస్తారు, అని అందులో ఒక ప్రశ్న ఉంది. ఇన్నేళ్ళలో ఆమెని ఎవరూ అంత ముఖ్యమైన ప్రశ్న అడగలేదు. వంట ఏమిటి, చొక్కా ఏది, ఇవే అడిగారు.

మేడ మీద గది ఖాళీయే. పెళ్ళయ్యాక మరిది ఉంటాడని ఎనిమిదేళ్ళ కిందట కట్టారు. మంచం, అద్దం, దుప్పటి కప్పుకుని పెళ్ళికూతురి కోసం ఎదురుచూస్తున్నాయి. మరిదికి మాత్రం ఆ తొందర లేదు. అత్తగారు లెల్లా దూజాని అడిగితే, "పెళ్ళి గదిలో మిరపకాయలా? నా చిన్నకోడలు తుమ్ముకుంటూ కాపురానికి రావాలా?" అని కయ్యిమంది. ఉగ్రాణం తాళంచెవి ఆవిడ నడుముకే ఉంటుంది, పనికి సరుకు తియ్యడానికి మాత్రం రోజూ కాసేపు నజీహా చేతికిస్తుంది.

ఆ ఊళ్ళో వేసవిలో ఆడవాళ్ళు వంతులవారీగా ఒకరింటికొకరు వెళ్ళి ఏడాదికి సరిపడే కుస్‌కుస్ చేసుకుంటారు. నెత్తిన గుడ్డ కప్పిన పళ్ళేలు ఇల్లిల్లూ తిరుగుతుంటాయి. ఏ మగాడూ గుడ్డ ఎత్తి చూడడు. ఆడవాళ్ళ గొడవ, వాళ్ళకెందుకు! నజీహా అదే పట్టుకుంది. తన దగ్గర పనికొచ్చే ఐదుగురు ఆడవాళ్ళూ సాయంత్రం ఇళ్ళకెళ్ళేటప్పుడు తలా ఒక పళ్ళెం పంపడం మొదలుపెట్టింది. ఒకరింటికి దండలు, ఒకరింటికి చేత్తో తిప్పే పాత మిషను, ఫోను నంబర్ల నకలు ఐదుగురికీ. గింజలు మూడు పొట్లాలు చేసి మూడిళ్ళకి. "అందరి దగ్గరా కొంచెం కొంచెం ఉండాలి. వాగు ఐదిళ్ళకీ ఒకేసారి రాదుగా," అంది. ఐదుగురిలో పెద్దది దలెందా నవ్వి, "నీ మొగుడికి తెలిస్తే మాత్రం వాగు అక్కర్లేదమ్మా," అంది.

తెలియనే తెలిసింది. బుధవారం అత్తగారు తానే తాళం తీసి, సగం ఖాళీ అయిన గది చూసి గుండెలు బాదుకుంది. "నా ఇంటి సరుకు గడప దాటించిందిరా! మూటలు కట్టి ఎవరికి మోస్తున్నావే, పుట్టింటికా?" ఐదుగురు ఆడవాళ్ళూ చేతిలో కత్తులతో అలాగే ఉండిపోయారు. దొంగ అన్న మాట ఒక్కటే తక్కువ. నజీహా చేతిలో మిరపకాయ పళ్ళెంలోకి విసిరి లేచింది. సిగ్గుతో కాదు, కోపంతో. ఆ ప్రతి దండా తను గుచ్చిందే, ప్రతి గింజా తను ఏరిందే. తన చేతి పనిని తానే దొంగిలించినట్టు నిలబెట్టారు! మోంజీ కేకలేయలేదు. మెల్లగా, పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "శుక్రవారం నమాజు వేళకి అంతా వెనక్కి రావాలి. ఊళ్ళో మనం దివాలా తీశామనుకుంటారు."

"సరే," అందామె. నోటికి ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో చూసుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం పొద్దున దలెందా తనింట్లో దాచిన రెండు పళ్ళేల దండలూ వెనక్కి తెచ్చింది. "నీకు మాట రాకూడదని తెచ్చానే," అంది పాపం. అవి ఉగ్రాణంలోకి దిగుతుంటే నజీహా ఆకాశం చూసింది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. మిగతావాళ్ళు కూడా తెచ్చేస్తే? ఫోను తీసింది, పెట్టేసింది. తేవద్దంటే మొగుడి మాట దాటినట్టు, తెమ్మంటే మూడేళ్ళ పంట మళ్ళీ ఆ గోతిలోకి. చివరికి మిగతా నలుగురికీ వరసగా ఫోను చేసింది. "ఇవాళ తేకండి. అడిగితే నేను వద్దన్నానని చెప్పండి." 

మూడు గంటలకి మొదలైన వాన నాలుగున్నరకి వాగుని తెచ్చింది. అందరూ మేడెక్కారు. పెళ్ళి మంచం మీద లెల్లా దూజా తడిసిన కాళ్ళతో కూర్చుని దువా చదువుతుంటే, కింద మూడు మెట్లూ కనిపించకుండా పోయాయి. దలెందా తెచ్చిన రెండు పళ్ళేలూ, దండలూ ఎర్రగా తేలి ముంగిట్లోకొచ్చాయి. నజీహాకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. మిగతా నాలుగిళ్ళ సంగతి తెలిసేవరకూ పిట్టగోడ వదల్లేదు. చీకటి పడేలోపు ఒక్కొక్క ఫోనే వచ్చింది. అన్నీ భద్రం.

శనివారం మునిసిపాలిటీ నుంచి ఒక కుర్ర ఆఫీసరు బూట్లనిండా బురదతో వచ్చాడు. పని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి చేయూత ఇవ్వడానికి పేర్లు రాసుకుంటున్నాడు. వీధంతా ముంగిట్లోనే ఉంది. అందరిదీ ఒకటే మాట, అంతా పోయింది, అంతా పోయింది.

"మాది పోలేదు," అన్నాడు మోంజీ ఛాతీ విరుచుకుని. "నాకు ముందే అనుమానం. సరుకు పదిళ్ళకి పంపించేశాను. వ్యాపారమన్నాక ముందుచూపుండాలి."

వీధి వీధంతా శభాష్ అంది. అత్తగారు కొడుక్కి దిష్టి తగలకుండా ఏదో గొణిగింది. ఆఫీసరు కూడా మెచ్చుకోలుగా పెన్ను తీశాడు. "బాగుంది. ఎవరింట్లో ఏముంది? ముందు పని ఎక్కడ మొదలుపెడతారు? చెప్పండి, రాసుకుంటాను."

మోంజీ తల తిప్పి నజీహా వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. బిల్లు ఎక్కడుందని, కొట్టువాడి పేరేమిటని, తన సొంత బిడ్డ ఏ తరగతని ఎవరైనా అడిగితే అలాగే చూస్తాడు. ఆమె గుసగుసగా అందిస్తుంది, అతను గట్టిగా చెబుతాడు. ఇరవై రెండేళ్ళు అలాగే సాగింది.

ఈసారి నజీహా అందించలేదు. వీధంతా ఎదురుచూస్తోంది. మోంజీ దగ్గాడు. "చెప్పవే," అన్నాడు చివరికి, మెల్లగా.

ఆమె నడుముకి చుట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుని ఆఫీసరు ముందుకొచ్చింది. "అన్నీ చెబుతాను బాబూ. ముందు యజమాని పేరు దగ్గర నజీహా అని రాయండి."