ఇంటిల్లిపాదికీ ఒకే నాడి

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయి మెదక్‌లోని మా నర్సింగ్ స్కూలు బోసిపోయింది. పిల్లలంతా ఊళ్లలోనే ఉండిపోయారు. సమ్మె ముగియగానే ప్రాక్టికల్ పరీక్ష. చేగుంట నుంచి వచ్చే కావ్య అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ల నాయిన తేల్చి చెప్పేశాడు.

"పాఠాలు వీడియో తీసి ఇంటర్నెట్‌ల పెడుదాం మేడం" అన్నాడు మా స్కూల్లో కంప్యూటర్లు చూసుకునే విక్టర్.

నాకు ఒళ్లు మండింది. నాడి చూడటం నేర్పేటప్పుడు ప్రతి పిల్లకూ పక్కపిల్ల మణికట్టు పట్టించి, దగ్గరుండి వేళ్లు సర్దడం నా అలవాటు. కెమెరాకు చేతులెక్కడివి? అయినా గత్యంతరం లేక విక్టర్ మణికట్టే పట్టుకుని పాఠం చెప్పాను.

వారం తర్వాత కావ్యకు ఫోన్ చేశాను. నెట్ సెంటర్లో కూర్చుని వీడియో చూశానని హుషారుగా చెప్పింది.

"ఇంట్ల అందరి నాడి చూసినవా బిడ్డా?"

"చూసిన మేడం. నాయినది ఎనభై. అమ్మది ఎనభై. తమ్మునిది గూడ ఎనభయ్యే."

"మీ తాతది?"

"ఆయనది గూడ గంతే."

మేకపిల్ల కాలు పట్టుకున్నా ఎనభయ్యే చెప్పేలా ఉంది.

"ఏ వేలు పెట్టి చూస్తున్నవ్?"

"బొటనవేలు మేడం. మీరు గట్లనే పట్టిండ్రు గద."

విక్టర్‌తో వీడియో పెట్టించి చూశాను. నిజమే, తెర మీద నా బొటనవేలు ఒక్కటే కనబడుతోంది. మిగతా వేళ్లన్నీ విక్టర్ చేతి కిందే ఉండిపోయాయి. బొటనవేలికి దాని నాడి దానికి కొట్టుకుంటుంది. పాపం పిల్ల, అందరి చేతులూ పట్టుకుని తన గుండెనే లెక్కపెట్టుకుంది. నాకు భయమేసింది. క్లాసులో అయితే ఆ వేలిని అప్పుడే పక్కకు జరిపేదాన్ని.

మర్నాడు విక్టర్ అరచేయి పైకి తిప్పించి, నాడి మీద మూడు వేళ్లూ కనబడేలా మళ్లీ తీయించాను. ఈసారి వీడియోను నమ్ముకుని కూర్చోలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎవరి నాడి ఎంతుందో అడిగి చెప్పించుకున్నాను.

పరీక్ష రోజు మంచం మీద కిష్టవ్వ అనే ముసలమ్మ. కావ్య బొటనవేలే ముందు కదిలింది. పిల్ల తమాయించుకుని, ఆ వేలు వెనక్కి తీసి, మూడు వేళ్లు ఆనించింది.

"అరవై రెండు" అంది, వణుకుతూ.

హైదరాబాద్ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం తనూ అవ్వ చెయ్యి పట్టి చూసింది. అరవై రెండే.

"ఇంత వణుకుతూ కూడా సరిగ్గా ఎలా చెప్పావమ్మా?"

"నాది దడదడ కొట్టుకుంటుంది మేడం" అంది కావ్య. "నేను లెక్కపెట్టింది అవ్వది."